పాఠశాలలో చరిత్ర ఎందుకు చెప్పాలి, ఎలా చెప్పాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

సోషల్ చెప్పే ఉపాధ్యాయులు, డీఎడ్, బీఎడ్ చదువుతున్నవారు, పిల్లల తల్లిదండ్రులు చరిత్ర బోధన గురించి మళ్లీ మళ్లీ అడుగుతున్న సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులను దృష్టిలో పెట్టుకుని సమాధానాలు రాశాం. తరగతి స్థాయిని బట్టి విభాగాలు చేశాం కాబట్టి ఎవరికి కావలసిన ప్రశ్నను వారు నేరుగా చదువుకోవచ్చు.

## బోధన మొదలుపెట్టక ముందు

ఎప్పుడో పోయిన రాజుల గురించి ఇప్పటి పిల్లలు ఎందుకు చదవాలి?

పిల్లవాడు పుట్టేసరికే అతని ఊరు, భాష, జిల్లా సరిహద్దు, ఇంటి భూమికి సంబంధించిన కాగితాలు, ఊళ్లో ఎవరి ఇళ్లు ఎక్కడ ఉండాలన్న పాత కట్టుబాటు, అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఇవన్నీ ఎప్పుడూ ఇలాగే ఉన్నాయని అతడు అనుకోవడం సహజం. వీటిలో ప్రతిదాన్నీ ఎవరో ఒక కాలంలో ఒక కారణంతో ఏర్పరచారనీ, కాబట్టి అవి మారాయనీ, ఇంకా మారగలవనీ తెలియజేయడం చరిత్ర బోధనకు మొదటి ఉద్దేశం. ఉదాహరణకు, ఉత్తర సర్కారులు, అంటే నేటి కోస్తాలో ఎక్కువ భాగం, 1766లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి వెళ్లాయి. అక్కడ 1802 నుంచి జమీందారీ శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. 1800లో కంపెనీ చేతికి వచ్చిన దత్త మండలాల్లో, అంటే నేటి రాయలసీమ ప్రాంతంలో, కంపెనీ అధికారి థామస్ మన్రో రైతులతో నేరుగా శిస్తు ఒప్పందాలు చేసుకున్నాడు. కోస్తాలో జమీందారు ఎక్కువగా కనిపించి సీమలో అంతగా ఎందుకు కనిపించడో అడిగిన పిల్లవాడికి సమాధానం ఈ సంవత్సరాల్లో ఉంది.

రెండో ఉద్దేశం, "ఈ సంగతి మనకు ఎలా తెలిసింది?" అని అడిగే అలవాటును పెంచడం. మూడోది, తనలా బతకని, తనలా ఆలోచించని మనుషులను వారి కాలంలో ఉంచి అర్థం చేసుకోగలగడం. మూడింటిలో రెండోదే అన్నిటికంటే ముఖ్యమని మా గట్టి నమ్మకం, ఎందుకంటే అది ఒకసారి అబ్బితే మిగిలిన రెండింటినీ పిల్లలు తమంతట తామే సంపాదించుకోగలరు.

మా అబ్బాయికి ఐఐటీ ఫౌండేషన్ ముఖ్యం. సోషల్‌కు పాస్ మార్కులు వస్తే చాలదా?

పరీక్ష వరకే చూస్తే చాలు. అయితే పద్దెనిమిదేళ్లు నిండగానే మీ అబ్బాయి ఓటు వేస్తాడు, ఒప్పందాల మీద సంతకాలు పెడతాడు, ఫోన్‌లో వచ్చే వందలాది వాదనల్లో ఏది నమ్మాలో తేల్చుకుంటాడు. ఒక కథనం ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చెప్పడంలో వారికి ప్రయోజనం ఏమైనా ఉందా అని పరిశీలించే అభ్యాసం బడిలో ప్రధానంగా చరిత్ర పీరియడ్‌లోనే దొరుకుతుంది. ఆ పీరియడ్‌ను లెక్కల స్టడీ అవర్‌గా మార్చేసే ప్రైవేటు బడులు పిల్లలకు చేస్తున్న నష్టం మార్కుల మెమోలో కనిపించదు కాబట్టే ఎవరూ అడగడం లేదు.

బీఎడ్‌లో ఉద్దేశాలు, లక్ష్యాలు, స్పష్టీకరణలు అని వేరువేరుగా చెబుతారు. వీటి తేడా తరగతి గదిలో ఎలా ఉంటుంది?

ఉద్దేశం దీర్ఘకాలికమైనది, పాఠశాల విద్య మొత్తం పూర్తయ్యేసరికి నెరవేరవలసినది. ఆధారాన్ని పరిశీలించకుండా దేనినీ నమ్మని పౌరుడిని తయారుచేయడం ఒక ఉద్దేశం. లక్ష్యం ఒక పాఠంలోనో యూనిట్‌లోనో సాధించదగినది. కాకతీయుల పాఠం ముగిసేసరికి శాసనాన్ని చారిత్రక ఆధారంగా విద్యార్థి అవగాహన చేసుకోవాలనేది లక్ష్యం. స్పష్టీకరణ అంటే ఆ లక్ష్యం నెరవేరిందని కంటికి కనిపించే మార్పు. ఇచ్చిన శాసన సారాంశంలో వేయించినవారు ఎవరో, ఉద్దేశించినది ఎవరినో విద్యార్థి గుర్తిస్తాడు, దానినుంచి ఒక విషయాన్ని ఊహించి కారణం చెబుతాడు.

పాఠ్య పథకాల్లో చాలామంది ఈ మూడింటినీ ఒకే వాక్యాన్ని అటూ ఇటూ మార్చి రాస్తారు. దానికి విరుగుడు ఒకటే: స్పష్టీకరణను క్రియతో ముగించాలి, ఆ క్రియ ఉపాధ్యాయుడు చేసేది కాకుండా విద్యార్థి చేసేదై ఉండాలి. "వివరిస్తాను" అని రాశారంటే అది స్పష్టీకరణ కాదు.

చరిత్ర బోధన ప్రధానోద్దేశం దేశభక్తిని పెంచడమే కదా?

దేశం మీద ప్రేమ చరిత్ర చదవడం వల్ల కలిగే ఫలితాల్లో ఒకటి, కలగవలసినదే. 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ అధికరణం మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడుకోవడాన్ని పౌరుల విధిగా పేర్కొంది. అదే అధికరణం శాస్త్రీయ దృక్పథాన్నీ జిజ్ఞాసనూ పెంపొందించుకోవడాన్ని కూడా విధిగానే పేర్కొంది. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే తరగతిలో చెప్పేది ప్రశస్తి, అంటే వట్టి పొగడ్త, అవుతుంది. మన రాజులు ప్రశస్తులు రాయించుకోవడానికి కవులను పోషించారు. ఆ పని ఉపాధ్యాయుడు చేయవలసిన అవసరం లేదు. తన నేల మీద జరిగిన మంచినీ చెడునూ తెలుసుకుని కూడా దాన్ని తనదిగా భావించే పిల్లవాడి అభిమానం ఎక్కువ కాలం నిలుస్తుంది.

## ప్రాథమిక తరగతులు (3 నుంచి 5)

ఎనిమిదేళ్ల పిల్లలకు "క్రీస్తు పూర్వం" అంటే ఏమర్థమవుతుంది? ఈ వయసులో చరిత్ర అవసరమా?

శతాబ్దాలు ఈ వయసులో అర్థం కావు. అర్థం చేయించడానికి ప్రయత్నించనవసరం లేదు. ప్రాథమిక స్థాయిలో పరిసరాల విజ్ఞానం ద్వారా సాధించవలసినది కాలం గడుస్తుందనీ, గడిచేకొద్దీ వస్తువులూ పనులూ మారతాయనీ గ్రహింపు కలిగించడం మాత్రమే. గదిలో ఒక తాడు కట్టి దాని మీద పిల్లవాడు పుట్టిన సంవత్సరం, అమ్మ పుట్టిన సంవత్సరం, అమ్మమ్మ పుట్టిన సంవత్సరం రాసిన చీటీలను వరుసగా బట్టల క్లిప్పులతో పెట్టిస్తే అదే వారి మొదటి కాలరేఖ. ఇంట్లో మూల పడి ఉన్న తిరగలినో లాంతరునో తరగతికి తెప్పించి, దీన్ని ఎవరు వాడేవారు, ఏ వేళ వాడేవారు, ఇప్పుడు ఆ పని దేనితో చేస్తున్నారు అని అడగాలి. తిరగలి పిడి దగ్గర కొయ్య ఎందుకు అంత నున్నగా ఉందో ఒక పిల్ల కనిపెట్టి చెప్పిందంటే, ఆ అమ్మాయి అప్పటికే ఒక వస్తువును ఆధారంగా చదివింది.

రాజుల కథలు, వీరుల కథలు చెబితే సరిపోదా? పిల్లలు ఇష్టంగా వింటారు.

చెప్పండి, తప్పక చెప్పండి. కథ లేని చరిత్రను ఏ పిల్లవాడూ వినడు. కథ అయిపోయాక రెండు ప్రశ్నలు మాత్రం అలవాటు చేయండి: ఇందులో నిజంగా జరిగినది ఏది, తరవాతివారు కలిపినది ఏదై ఉండవచ్చు? ఈ కథలో మాట్లాడనివారు ఎవరు? కోట కథలో కోటకు మట్టి మోసినవారి గురించి ఒక పిల్లవాడు అడిగితే ఆ రోజు పాఠం బాగా జరిగినట్టే.

## ఉన్నత ప్రాథమిక తరగతులు (6 నుంచి 8)

శాసనాల లిపి మాకే చదవడం రాదు. పిల్లలకు ఆధారాలను ఎలా పరిచయం చేయాలి?

లిపి చదవడం శాసన పరిశోధకుల పని. బడిలో కావలసింది శాసనం చెప్పే విషయాన్ని తేలిక తెలుగులో నాలుగైదు వాక్యాలుగా రాసి పిల్లల ముందు పెట్టి, ప్రశ్నలు అడగడం. బాపట్ల జిల్లా మోటుపల్లి రేవులోని కాకతీయ రాజు గణపతిదేవుడి అభయ శాసనం దీనికి చక్కగా పనికొస్తుంది. 1244–45 నాటి ఈ శాసనం సముద్ర వర్తకులను ఉద్దేశించినది. ఒక దేశానికి బయలుదేరి తుపానుకు చిక్కి ఇక్కడి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, ప్రాణం కంటే ధనం మిన్న అనుకుని సముద్రానికి తెగించినవారి మీద దయతో తాము నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ అందులో ఉంది. ఎగుమతి, దిగుమతి సరుకుల మీద సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, మిరియాల వంటి సరుకుల పేర్లు కూడా ఉన్నాయి.

ఇప్పుడు ప్రశ్నలు. ఈ రాయి వేయించినది ఎవరు, ఎవరు చదవాలని? ఓరుగల్లులో కాకుండా రేవులోనే ఎందుకు నిలిపారు? "పూర్వపు రాజులు తీసుకునేవారు" అన్న మాట వల్ల వర్తకుల మనసులో అప్పటికి ఏ భయం ఉండి ఉంటుంది? సరుకుల్లో మన నేల మీద దొరకనివి ఏవి, అవి ఎక్కడినుంచి వచ్చి ఉంటాయి? చివరగా అన్నిటికంటే కష్టమైన ప్రశ్న: రేవులోని అధికారులు ఈ మాట నిజంగా నిలబెట్టుకున్నారా? దానికి ఈ రాయి సమాధానం చెప్పదు. ఒక ఆధారం ఏం చెబుతుందో తెలుసుకోవడంతో పాటు ఏం చెప్పలేదో తెలుసుకోవడం కూడా ఏడో తరగతి పిల్లలకు అందే విషయమే. దీనికి రెండు పీరియడ్లు కేటాయించినా నష్టం లేదు.

ఒక పుస్తకంలో ఒకలా, మరో పుస్తకంలో ఇంకోలా ఉంటే పిల్లలకు ఏది నిజమని చెప్పాలి?

రెండూ బోర్డు మీద రాయండి, ఆ తేడా ఎందుకు వచ్చిందో వెతికించండి. రుద్రమదేవి విషయం చూడండి. 13వ శతాబ్దం చివర మన తీరాన్ని గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని ఒక రాణి ఎంతో న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు, కానీ ఆమెను చనిపోయిన రాజుకు భార్యగా చెప్పాడు. మన శాసనాలను బట్టి ఆమె గణపతిదేవుడి కుమార్తె. ఆమె భర్త చాళుక్య వీరభద్రుడు. పరాయి దేశంవాడు రేవులో విన్న మాటను రాసుకున్నాడనీ, తండ్రి నుంచి కూతురికి రాజ్యం రావడం అతనికి పరిచయం లేని సంగతి కావచ్చనీ పిల్లలే చెప్పగలరు. పాలన బాగుందన్న మాటకు అతను పనికొచ్చే సాక్షి; బంధుత్వం విషయంలో కాదు. ఒకే సాక్షిని ఒక విషయంలో నమ్మి మరో విషయంలో నమ్మకపోవడం తప్పు కాదని ఇక్కడ తెలుస్తుంది.

ఆమె మరణ సంవత్సరం మరో ఉదాహరణ. ఆమె 1295 ప్రాంతం వరకు పాలించిందని పాత పుస్తకాలు రాశాయి. నల్గొండ జిల్లా చందుపట్లలో బయటపడిన 1289 నాటి శాసనంలో రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలగాలని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు భూదానం చేసినట్టు ఉంది, అంటే అప్పటికే ఆమె మరణించింది. ఒక్క రాయితో పుస్తకాలు మారాయి. పాత పుస్తకం రాసినవారు అబద్ధం చెప్పలేదు, వారి ముందు ఆ రాయి లేదు. ఈ తేడాను పిల్లలు గ్రహిస్తే చరిత్ర అంటే మారుతూ ఉండే జ్ఞానమని వేరే చెప్పనవసరం ఉండదు.

తేదీలు, సంవత్సరాలు బట్టీ పట్టించాలా, వద్దా?

కొన్ని పట్టించాలి. సంవత్సరాలే వద్దనేవారితో మేము ఏకీభవించం, ఎందుకంటే వరుస తెలియనివాడికి కారణం తెలియదు. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు, జనం మాటలో డొక్కల కరువు, పీల్చి పిప్పి చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఈ మూడు సంవత్సరాలు తెలిసిన పిల్లవాడు, కరువు తరవాత ఆనకట్టకు పదిహేనేళ్లు ఎందుకు పట్టిందని అడగగలడు. కంపెనీని కదిలించినది జనం ఆకలా, పడిపోయిన శిస్తు వసూళ్లా అని ఆలోచించగలడు. ఇంజనీరు కాటన్ పట్టుదల, కంపెనీ లెక్కలు రెండు వేరు విషయాలని విడదీయగలడు. సంవత్సరాలు తెలియకపోతే ఈ ప్రశ్నలేవీ పుట్టవు.

అయితే ఒక పాఠానికి నాలుగైదుకు మించి వద్దు. ఏ సంవత్సరాన్ని తీసేస్తే కథలో కారణం తెగిపోతుందో దాన్నే ఉంచాలి. ఫలానా రాజు పట్టాభిషేక సంవత్సరం తీసేసినా ఏమీ తెగకపోతే దాన్ని పుస్తకంలోనే వదిలేయవచ్చు.

మా ఊరికి కోట లేదు, గుడి కూడా కొత్తదే. స్థానిక చరిత్ర ఎక్కడినుంచి తేవాలి?

చరిత్ర లేని ఊరు ఉండదు. మొదట పెద్దల దగ్గరికి పంపండి. కృష్ణా జిల్లా దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసినవారు ఇంకా ఉన్నారు. ఆ రాత్రి నీళ్లు ఎటునుంచి వచ్చాయి, ఎవరు ఎక్కడ తలదాచుకున్నారు, మర్నాటి నుంచి అన్నం ఎవరు పెట్టారు అని పిల్లలు అడిగి రాసుకుంటే అది ఏ పుస్తకంలోనూ లేని ఆధారం. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో తాతలు, ముత్తాతలు "రంగం వెళ్లిన" కుటుంబాలు చాలా ఉన్నాయి. రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసి, 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు కొండల మీదుగా నడిచి తిరిగొచ్చినవారి మనవలు మీ తరగతిలోనే కూర్చుని ఉండవచ్చు.

రెండో ఆధారం కైఫియత్తులు, అంటే ఊళ్ల వృత్తాంతాల రాతలు. మొదట కంపెనీ సైన్యంలో సర్వేయరుగా పనిచేసి, 1815లో భారతదేశ తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి తెలుగువారి సాయంతో ఊరూరి వృత్తాంతాలను సేకరించాడు. వాటిలో చెరువులు, మాన్యాలు, గుళ్లు, పాలెగాళ్ల వివరాలతో పాటు పురాణ కథలు కూడా కలిసి ఉంటాయి. చాలావరకు గ్రామాధికారులు, కరణాలు, పురోహితుల మాటలు కాబట్టి ఊరి చివర ఉండేవారి సంగతులు తక్కువ. ఆ లోటును కూడా పిల్లలకు చూపించాలి. మూడోది ఊళ్లోని పేర్లు: చెరువు పేరు, వీధి పేరు, పొలం పేరు. వాటి వెనుక కథను అడిగి, అది నిజమో కాదో తరవాత తేల్చుకోవచ్చు.

క్షేత్ర పర్యటనకు తీసుకెళ్తే పిల్లలు సెల్ఫీలు దిగి వచ్చేస్తున్నారు. ఉపయోగం ఎలా?

చూడవలసినదాన్ని ఒకే ఒక ప్రశ్నకు కుదించి తీసుకెళ్లండి. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్న బండల మీద, చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. అవి ఎక్కడున్నాయో వెతకండి, చెక్కినవాడు ఎందుకలా చెక్కి ఉంటాడో రాయండి అంటే గంటసేపు బండను వదలరు. రామప్ప గుడికి వెళ్తే 1213 నాటి శాసనం ఉన్న మండపం దగ్గర ఆగి, గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు తన గురించి ఏం చెప్పుకున్నాడో చూడమనండి. మూడు స్థలాలు హడావుడిగా చూపించడం కంటే ఒకే స్థలంలో పూట గడపడం మేలు.

## ఉన్నత తరగతులు (9, 10)

సెప్టెంబరు 17 గురించి పిల్లలు అడిగితే ఏమని చెప్పాలి? ఏ పేరు వాడినా ఎవరో ఒకరికి కోపం వస్తోంది.

ముందు అందరూ ఒప్పుకునే విషయాలను చెప్పండి. 1947 ఆగస్టు 15న హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరలేదు. ఆ ఏడాది నవంబరులో నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య, ఉన్న స్థితినే తాత్కాలికంగా కొనసాగించే యథాతథ ఒప్పందం కుదిరింది. సంస్థానంలో ఒకవైపు 1946 నుంచి భూస్వాములకు, నిజాం పాలనకు వ్యతిరేకంగా కమ్యూనిస్టుల నాయకత్వంలో రైతాంగ సాయుధ పోరాటం, స్టేట్ కాంగ్రెస్ ఉద్యమం, మరోవైపు ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దాడులు సాగాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. తరవాత సంస్థానంలోని కొన్ని ప్రాంతాల్లో ముస్లింలపై హింస జరిగింది, దాన్ని తెలుసుకోవడానికి కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం వచ్చింది. సాయుధ పోరాటం 1951 వరకు సాగింది.

ఆ తరవాత పేర్లకు రండి. విమోచనం అన్నవారు, విలీనం అన్నవారు, విద్రోహం అన్నవారు ఉన్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్ విమోచన దినంగా, తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా జరిపాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ప్రతి పేరూ పైన చెప్పిన సంఘటనల్లో దేన్ని ముందుకు తెస్తోంది, దేన్ని వెనక్కి నెడుతోంది అని పిల్లలతో పట్టిక వేయించండి. జైలుకు వెళ్లిన రైతు కూలీ, ఊరు విడిచిన ముస్లిం కుటుంబం, బందూకు పట్టిన దళసభ్యురాలు, దేశ్‌ముఖ్ ఆ రోజును ఎలా గుర్తుంచుకుని ఉంటారని రాయమనండి. మీ సొంత అభిప్రాయం అడిగితే దాచనవసరం లేదు, కానీ పిల్లలు తమది రాసిన తరవాతే చెప్పండి.

కులం, అంటరానితనం పాఠాలు వచ్చినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోతుంది. వాటిని పైపైన చెప్పి దాటేస్తే?

దాటేయకండి. దాటేసిన పాఠం కూడా పిల్లలకు ఒకటి నేర్పుతుంది, అది మాట్లాడకూడని విషయమని. అయితే జాగ్రత్తలు అవసరం. ఏ విద్యార్థినీ అతని కులానికి ప్రతినిధిగా నిలబెట్టి "మీ ఇంట్లో ఎలా ఉంటుంది?" అని అడగకూడదు, అలా అడిగించుకున్న పిల్లవాడు ఆ అవమానాన్ని జీవితాంతం మోస్తాడు. బాధితుల కథలే చెప్పి ఆపకూడదు, మార్చడానికి పూనుకున్నవారి పని చెప్పాలి. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ (1888–1939) దళిత బాలబాలికల కోసం బడులు నడిపారు. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదుర్కొన్న సంఘ బహిష్కారం ఎలాంటిదో, అందులో పాల్గొన్న మామూలు కుటుంబాలు ఏం పోగొట్టుకున్నాయో చర్చించవచ్చు. తరగతిలో ఎవరైనా మరొకరిని కించపరిచే మాట అంటే పాఠం ఆపి అక్కడే ఖండించాలి, తరవాత చూద్దామనుకోకూడదు.

ఫ్రెంచి విప్లవం, నాజీ జర్మనీ మన పిల్లలకు ఎందుకు?

మన రాజ్యాంగ ప్రవేశికలోని స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న మాటలు ఎక్కడ ఏ పోరాటంలో నినాదాలయ్యాయో తెలియడానికి మొదటిది కావాలి. ఎన్నికల ద్వారా బలం పెంచుకున్న పార్టీ చట్టాలను ఒక్కొక్కటిగా మార్చి ఒక జనసమూహాన్నే శత్రువుగా చూపిన క్రమం అర్థం కావడానికి రెండోది కావాలి. సంఘటనల జాబితాగా చెబితే ఈ రెండు పాఠాలూ వృథా.

సిలబస్ పూర్తి చేయాలి, పబ్లిక్ పరీక్ష ఉంది. చర్చలకు సమయం ఎక్కడిది?

అన్ని పాఠాలనూ ఒకే లోతుతో చెప్పనవసరం లేదు. సంవత్సరం మొదట్లోనే యూనిట్ ప్లాన్ రాసేటప్పుడు మూడు లేదా నాలుగు పాఠాలను ఎంచుకుని వాటికి రెట్టింపు పీరియడ్లు ఇవ్వండి, మిగిలినవాటిని చదివించి ముఖ్యాంశాలతో ముగించండి. ఒక పాఠంలో ఆధారాన్ని పరిశీలించడం వచ్చిన పిల్లలు తరవాతి పాఠాలను తామే వేగంగా చదువుతారు. అన్నీ సమానంగా చెప్పాలన్న పట్టుదల వల్లే ఏదీ నిలవకుండా పోతోంది.

## పరీక్షలు, మూల్యాంకనం

బిట్లు, మ్యాప్ పాయింటింగ్, నాలుగు మార్కుల ప్రశ్నలు. వీటితో ఈ ఉద్దేశాలన్నీ నెరవేరాయని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న మారితే తెలుస్తుంది. 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళిక చట్రం తరవాత వచ్చిన పాఠ్యపుస్తకాలు సాంఘిక శాస్త్రానికి ఆరు విద్యా ప్రమాణాలు పెట్టాయి: విషయావగాహన, పాఠ్యాంశాన్ని చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందించి ప్రశ్నించడం, పట నైపుణ్యాలు, ప్రశంస–సున్నితత్వం. కాగితం మీద ఇది మంచి జాబితా. ఆచరణలో మొదటిదానికే ఎక్కువ మార్కులు పోతున్నాయి, మిగిలిన ప్రశ్నలకు కూడా బట్టీ పట్టిన జవాబులు తయారై ఉంటున్నాయి.

ఒక ఉదాహరణ. "చీరాల–పేరాల ఉద్యమానికి నాయకత్వం వహించినది ఎవరు?" అన్నదానికి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అన్న ఒక్క పేరు చాలు. దాని బదులు ఇలా ఇవ్వండి: రెండు గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేయడంతో పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి, 1921లో జనం ఇళ్లు విడిచి ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. మగ్గం ఉన్న నేత కుటుంబం, అద్దెకుండే కూలీ, దుకాణదారు, ఈ ముగ్గురిలో వలస ఎవరికి ఎక్కువ భారమై ఉంటుంది? కారణాలు రాయండి. పన్ను కట్టకుండా ఇంట్లోనే ఉండిపోవడానికీ ఊరే వదిలి వెళ్లడానికీ ప్రభుత్వం దృష్టిలో తేడా ఏమిటి? ఇటువంటి ప్రశ్నకు గైడులో జవాబు దొరకదు. మార్కులు వేసేటప్పుడు ఏ కుటుంబాన్ని ఎంచుకున్నారన్నది చూడకుండా, చెప్పిన కారణం ఇచ్చిన సమాచారంతో పొసగిందా లేదా అన్నది చూడాలి.

ప్రాజెక్టు పనులన్నీ ఇంటర్నెట్ నుంచి దించి తెస్తున్నారు. ఏం చేయాలి?

ఇంటర్నెట్‌లో లేనిదాన్ని అడగండి: ఇంట్లోని పాత ఫొటో, రేషన్ కార్డు, పెళ్లి పత్రిక, తాతగారి పాస్‌బుక్కు, వీటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకుని దాన్ని బట్టి తెలిసే పది విషయాలు రాయమనండి. పాత శుభలేఖలో ఆహ్వానించినవారి పేర్ల వరుస, ముద్రించిన ప్రెస్సు ఊరు, ఆడపిల్ల పేరు పక్కన రాసిన చదువు, భోజనాల వేళ, ఇవన్నీ ఆనాటి సంఘం గురించి చెబుతాయి.

## ఇంట్లో

సినిమా చూసి వచ్చి "అల్లూరి, కొమరం భీం స్నేహితులట" అంటున్నాడు. కాదని చెబితే నమ్మడం లేదు.

కాదని చెప్పడంతో ఆపకుండా పటమూ కాలరేఖా ముందు పెట్టండి. అల్లూరి సీతారామరాజు మద్రాసు ప్రెసిడెన్సీలోని మన్యంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో పోరాటం ఆరంభించాడు; 1924 మే 7న బ్రిటిష్ వారు అతణ్ని కాల్చిచంపారు. కొమరం భీం నిజాం రాజ్యంలోని ఆసిఫాబాద్ అడవుల్లో గోండుల భూమి హక్కుల కోసం పోరాడి 1940లో జోడేఘాట్ దగ్గర మరణించాడు. ప్రాంతాలు వేరు, ప్రభుత్వాలు వేరు, మరణాల మధ్య పదహారేళ్లు. ఇద్దరూ కలిసినట్టు ఆధారం లేదు. సినిమా తీసినవారికి ఊహించే స్వేచ్ఛ ఉంది. ఆ ఊహలో వారు దేన్ని మార్చారు, ఎందుకు మార్చి ఉంటారు అని పిల్లవాడితో కలిసి మాట్లాడితే, సినిమా మీద ఇష్టం పోకుండానే విషయం తెలుస్తుంది. ఇద్దరి పోరాటాలకూ అడవి మీద హక్కు అన్న ఉమ్మడి కారణం ఉందని అతడే పట్టుకోవచ్చు.

కుటుంబ వాట్సాప్ గ్రూపులో వచ్చే "దాచిపెట్టిన చరిత్ర" సందేశాలను పిల్లలు నిజమనుకుంటున్నారు. ఎలా సరిదిద్దాలి?

పెద్దవాళ్లు పంపినవి కాబట్టి ఎగతాళి చేస్తే పిల్లలు ఇరకాటంలో పడతారు. సందేశాన్ని కాగితం మీద రాయించి నాలుగు విషయాలు వెతకమనండి: రాసినవారి పేరు ఉందా, సంవత్సరం ఉందా, ఏ ఆధారం చూసి చెప్పారో ఉందా, అదే విషయాన్ని వేరే చోట వేరేవారు చెప్పారా. నాలుగింటికీ "లేదు" వస్తే దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టమనండి, అబద్ధమని తీర్పు చెప్పమనకండి. ఆధారం దొరికితే మళ్లీ చూడవచ్చు. మీరు నమ్మే విషయానికీ, నమ్మని విషయానికీ ఇదే పరీక్ష పెట్టాలి. తమకు నచ్చిన సందేశాన్ని మాత్రం అమ్మానాన్నలు వెతకకుండా ఫార్వర్డ్ చేయడం పిల్లలు గమనిస్తూనే ఉంటారు.